పొలమారిన మోటారు

మెల్లగా పోతే ఏ పేచీ లేదు.
సేఘే రేవు నుంచి మడచెట్ల వెంబడి
నలభై గుర్రాల మోటారు
ఆదివారం ప్రార్థనకి వెళ్ళే పెద్దమనిషిలా ఒద్దికగా నడుస్తుంది.
పగడపు దిబ్బల సందు దాటి
అసలు సముద్రం ఎదురయ్యాక
పిడి పూర్తిగా తిప్పామా,
ఓ నిమిషం ముక్కెత్తి ఉరుకుతుంది,
రెండో నిమిషానికి పొలమారుతుంది.
నీళ్ళు తాగుతూ నవ్వినవాడిలా దగ్గి దగ్గి
పడవని నడిసంద్రంలో చతికిలబెడుతుంది.
పిడి తగ్గిస్తే మళ్ళీ
ఏమీ ఎరగనట్టు.

నేను క్లినిక్కు పడవ నడిపేవాణ్ణి.
దీని జబ్బు ఎవరికి చెప్పినా తలో మందు.
మా బావ టోజాకా ప్లగ్గులన్నాడు. మార్చాను.
పాస్టరుగారు పెట్రోల్లో నీళ్ళన్నారు.
సీసాలో పోసి రాత్రంతా కాపలా కాశాను,
అడుగున ఒక్క నీటిచుక్క చేరలేదు.
కొట్టాయన కొత్త పంకా కొనమన్నాడు,
ఆయన కొట్టులో ఉన్నది అదే మరి.
ట్యాంకు మూత మీది గాలిమర వదులుచేశాను.
కార్బురేటర్ విప్పి జెట్టుని దీపానికి అడ్డంపెడితే
ఆవగింజంత వెలుగు తిన్నగా వచ్చి కంట్లో పడింది.
దాని తప్పూ లేదు.
అప్పటికి సగం జీతం సముద్రం పాలు.

ఆ వారమే లోరెత్తాకి నొప్పులు.
ముప్పావుగంట దారి, రెండున్నర గంటలు.
నర్సు తల తిప్పకుండానే "ఇంకొంచెం" అంటోంది.
నేను తిప్పుతాను, అది దగ్గుతుంది, నేను తగ్గిస్తాను.
కొబ్బరి దీవి పక్కన, టార్పాలిన్ కింద, పుట్టాడు.
వాడికి బైబిలు పేరే పెట్టారు,
ఊరంతా మాత్రం 'సగం పిడి' అంటోంది.
నేనూ నవ్వాను.
ఇంటికొచ్చి చిలగడదుంప ముట్టలేదు.

చివరికి నైరీ దగ్గరికి వెళ్ళాను.
స్కూల్లో వంటమనిషి.
జనరేటరు చెడి పిల్లల అన్నం ఆలస్యమవుతోందని
ఓ రోజు విసుక్కుని దాన్ని విప్పింది,
అప్పట్నుంచి దీవిలో మోటార్లన్నీ విప్పుతోంది.
పానాల పెట్టె తీసుకోలేదు. "పద" అంది.
ట్యాంకు పక్కన బాసింపట్టు వేసుకుని
రబ్బరు బల్బుని పిట్టపిల్లలా అరచేతిలో పెట్టుకుని
"తిప్పు" అంది.

ఉరికింది.
నేను మోటారు వైపు చూస్తున్నాను.
ఆమె దేనివైపూ చూడటం లేదు, చేత్తో వింటోంది.
"అణిగిపోతోంది" అంది, "నేను నొక్కకుండానే.
అప్పడం అయిపోయింది చూడు."
ఆ మాట అయ్యేలోపే దగ్గు.

"మోటారు పీలుస్తోంది. ట్యాంకులో నిండా ఉంది.
మధ్యలో ఎవరో గొంతు పట్టుకున్నారు."

ట్యాంకుకీ బల్బుకీ మధ్య గొట్టాన్ని
కత్తితో నిలువునా చీల్చింది.
పైన పటారం, లోన లొటారం.
లోపలి పొర ఊడి, కుబుసంలా వేలాడుతోంది.
నిదానంగా తాగేవాడికి పక్కకి ఒదిగి దారిస్తుంది,
ఆబగా పీలిస్తే మూసుకుంటుంది.
పైనుంచి తడిమి ఇదే గొట్టాన్ని
ఎన్నిసార్లు బాగుందన్నానో.

రెండడుగుల కొత్త గొట్టానికి డబ్బు తీసుకుంది.
చూసినందుకు, ఒక బొనీటో చేప.
తల వద్దంది.

ఇవాళ నర్సునీ, టీకాల పెట్టెనీ,
తల్లి ఒళ్ళో నిద్రపోతున్న సగం పిడినీ ఎక్కించుకుని
సందు దాటగానే పూర్తిగా తిప్పాను.
పడవ నీళ్ళని తాకీ తాకనట్టు పోయింది.
కొబ్బరి దీవి దగ్గరకొచ్చేసరికి
నా మణికట్టు దానంతటదే వెనక్కి తిరిగింది.
"ఏమైంది?" అంది నర్సు.
ఏం లేదన్నాను.

ఆ పాత గొట్టం ముక్క ఇంకా పారెయ్యలేదు.
అప్పుడప్పుడు రెండువేళ్ళతో
లోపలి పొరని లాగి చూస్తుంటాను.
లాగినప్పుడల్లా
ఇంకొంచెం ఊడి వస్తుంది.